తడుముబల్ల మీద నువ్వలగెడ్డ

శాస్త్రవేత్తలకి ఒకరి మాట ఒకరికి అర్థం కాదన్న సంగతి బయటివాళ్ళకి అంతగా తెలీదు. అందరూ ఒకే క్యాంటీన్లో అదే చప్పిడి సాంబారు పోసుకుని తింటారు కాబట్టి అందరిదీ ఒకటే భాష అనుకుంటారు. హైమవతి పనిచేసే తీరప్రాంత పరిశోధన కేంద్రంలో ఒక్క మీటింగుకి వచ్చి కూర్చుంటే చాలు, ఆ భ్రమ వదిలిపోతుంది.

ఆ కేంద్రం పెట్టిందే ఒక జబ్బు కోసం. సముద్రం పక్క పల్లెల్లో బీపీ, షుగరు లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. నీళ్ళని అనుమానించి భూగర్భజలాల నిపుణుడు సన్యాసిరావుని వేశారు. రోగుల్ని చూడ్డానికి కిడ్నీ డాక్టరు పట్నాయక్‌ని వేశారు. సన్యాసిరావు రాతిపొరల గురించి మొదలుపెడితే పట్నాయక్ ఫోను తీసేవాడు. పట్నాయక్ రక్తపరీక్షల అంకెలు ఏకరువు పెడుతుంటే సన్యాసిరావుకి ఆవలింతలు ఆగేవి కావు. ఇద్దరి లెక్కల్నీ కలిపి, ఇద్దరికీ అర్థమయ్యే బొమ్మలుగా గీసి చూపించడం హైమ ఉద్యోగం. ఒకసారి ఆమె గీసిన మ్యాపు చూసి పట్నాయక్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"సగం మండలం ఎర్రగా ఉందేంటి? ఇన్ని కేసులా!"

"అది ఎర్రమట్టి సార్," అన్నాడు సన్యాసిరావు. "మా మ్యాపుల్లో ఎరుపంటే ఎర్రమట్టే."

అందరూ పడీ పడీ నవ్వారు. హైమకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. నెలల తరబడి చేసిన పని ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆ పల్లెలు ఆమెకి మ్యాపు మీద చుక్కలు కావు. పుట్టింది అక్కడే. అప్పని, అంటే అక్కని, పెళ్ళి చేసి ఇచ్చింది అక్కడే. చావుకబురు వచ్చినప్పుడల్లా చీర మార్చుకుని బస్సెక్కేది తనే. వీళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరు వింటే సగం సమస్య తేలిపోతుందని ఎన్నిసార్లు మొత్తుకున్నా గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆ ఉక్రోషంలోంచి పుట్టిందే తడుముబల్ల. కాగితాల మీద దానికి 'బహుశాస్త్ర దత్తాంశ స్పర్శవేదిక' అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు పూర్తిగా పలికినవాడు కేంద్రంలో ఒక్కడూ లేడు. పెళ్ళిభోజనాల బల్లంత పొడుగు, పైన మెత్తటి రబ్బరు తొడుగు. దాని కింద వెంట్రుకంత సన్నటి సూదులు లక్షల్లో ఉంటాయి. అవి లేస్తాయి, దిగుతాయి, వేడెక్కుతాయి, వణుకుతాయి. ఇక్కడివరకూ ఎవరైనా చెయ్యగలరు. హైమ చేసిందేమిటంటే, ఆ బల్లకి చేతుల్ని చదవడం నేర్పింది. పైన పెట్టిన చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ తడబడింది, దేనికి అలవాటుపడింది అన్నది చూసుకుని, పక్కవాడి శాస్త్రాన్ని ఆ చేతికి తెలిసిన రూపంలోకి మార్చి అందిస్తుంది.

మొదటిరోజు పట్నాయక్ ఎగతాళిగానే అరచెయ్యి ఆనించాడు. కాసేపటికి ఆయన మొహంలో రంగు మారింది.

"ఇదేంటి, కొట్టుకుంటోంది... నీళ్ళకి నాడి ఉందే!"

సన్యాసిరావు చేతికింద రోగుల లెక్కలు రాతిపొరల్లా పేరుకున్నాయి. వేలికొసతో ఒక ఊరిని గీరుతూ ఉన్నట్టుండి ఆగాడు. "ఇక్కడ పొర విరిగింది సార్. ఈ ఊళ్ళో జబ్బు ఒక్కసారిగా ఎక్కువైంది. ఎప్పుడో చెప్పండి?"

పట్నాయక్ ఏడాది చెప్పాడు.

"ఆ ఏడే మేం అక్కడ లోతుబోర్లు వేశాం," అన్నాడు సన్యాసిరావు.

లోతుబోర్ల నీళ్ళకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని అలా తేలింది. పదేళ్ళుగా రెండు బీరువాల్లో విడివిడిగా పడి ఉన్న నిజం బల్ల మీద ఒక్క పూటలో కలిసింది. ఆ రోజు హైమ బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. సంతోషానికే.

చిక్కల్లా గుంటలతో వచ్చింది. ఎవరూ కొలవని ఊళ్ళ దగ్గర సూదులకి చెప్పడానికేమీ ఉండదు కనక కిందకి జారిపోయేవి. తడుముతున్న చెయ్యి దబుక్కున గుంటలో పడేది. వచ్చినవాళ్ళు ఉలిక్కిపడేవారు. "ఇదేంటి, పాడైందా?" అనేవారు.

డైరెక్టర్ రామభద్రంగారు అయితే ఒంటికాలిమీద లేచారు. "ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారమ్మా. ఆయన వేలు గుంటలో ఇరుక్కుంటే పేపర్లో మన బల్ల బొమ్మ పడదు, వేలి బొమ్మ పడుతుంది. చెయ్యి ఎక్కడా ఆగకూడదు. అంతే."

హైమకి ఇష్టం లేదు. అయినా ప్రారంభం దగ్గరపడింది. ఖాళీల్ని ఎలా పూడ్చాలో బల్లనే నేర్చుకోమంది. లోపలున్న లెక్కలన్నీ తిరగేసి, ఖాళీ గడికి ఎక్కువమంది ఏ అర్థం చెప్పుకుంటారో బల్ల చూసుకుంది. మర్నాటికి గుంటలన్నీ పూడిపోయాయి. బల్ల అంతా నున్నగా, ముచ్చటగా తయారైంది. ఎలా పూడ్చావని దాన్ని ఆమె అడగలేదు.

ప్రారంభానికి ఇంటివాళ్ళని పిలుచుకోవచ్చన్నారు. నువ్వలగెడ్డ నుంచి హైమ అప్ప అసిరమ్మ వచ్చింది. జీడిగింజలు కొట్టే పని ఆమెది. జీడిపాలు అంటీ అంటీ వేళ్ళు నల్లగా మొద్దుబారిపోయాయి. ఆ చేతులతో అంత ఖరీదైన బల్లని ముట్టుకోవడానికి జంకింది. హైమే మణికట్టు పట్టుకుని, చెయ్యి తీసుకెళ్ళి ఊరి మీద పెట్టింది.

"ఇదే మీ ఊరప్పా. చూడు."

"ఏటీ లేదేటే? నున్నగా ఉన్నాది."

"నున్నగా ఉంటే మంచిదే. పక్కనున్న ఈ ఊళ్ళు చూడు, ఎలా ఉబ్బి కొట్టుకుంటున్నాయో. జబ్బున్నచోట అలా ఉంటుంది. మీ ఊరికి భయం లేదప్పా."

అసిరమ్మ కళ్ళు మిలమిలలాడాయి. లోతుబోర్ల గురించి పుకారు పుట్టినప్పటినుంచీ నువ్వలగెడ్డ ఆడవాళ్ళు బడి దగ్గర బోరు మానేసి, మెట్ట దాటి, గెడ్డ అని పిలిచే వాగు ఇసకలో తవ్విన చెలమ దగ్గరికి వెళ్ళి కడవలతో నీళ్ళు తెచ్చుకుంటున్నారు. ఎండాకాలం అరికాళ్ళు బొబ్బలెక్కేవి. అసిరమ్మ ఊరెళ్ళి ఇంటింటికీ చెప్పింది. నా చెల్లి చేసిన బల్ల, నా చేత్తో తడిమి చూశాను, మన నీళ్ళు మంచివే అంది. కడవలు మూలకి చేరాయి. ఊరు మళ్ళీ బోరు నీళ్ళు తాగింది.

రెండేళ్ళలో తడుముబల్ల పేరు ఎక్కడెక్కడికో పాకింది. వేరే రాష్ట్రాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. మంచినీటి పథకం మొదటి విడత పైపులు బల్ల చూపించిన ఊళ్ళకే వేశారు. రెండో విడత జాబితా తయారవుతున్న రోజుల్లో అసిరమ్మ ఆస్పత్రికి వచ్చింది. కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. మెట్లెక్కితే ఆయాసం.

పట్నాయక్ రిపోర్టు చూశాడు, కిడ్నీలు రెండూ పాడవుతున్నాయి. "ఏ ఊరమ్మా మీది?"

"నువ్వలగెడ్డ బాబూ."

ఆయన హైమ వైపు తిరిగాడు. "అక్కడ జబ్బు లేదు కదా? నేనే ఎన్నోసార్లు తడిమి చూశాను. నున్నగా ఉంటుంది."

"మీ క్యాంపు అక్కడికి ఎప్పుడు వెళ్ళింది సార్?"

"మేమెప్పుడూ వెళ్ళలేదే. గెడ్డ మీద కల్వర్టు తుఫానుకి కొట్టుకుపోయింది కదా, వ్యాను పోదు. నీళ్ళవాళ్ళు పరీక్ష చేసి ఉంటారనుకున్నాను. లేకపోతే బల్ల ఎలా చూపిస్తుంది?"

హైమ వరండాలోకి వచ్చి సన్యాసిరావుకి ఫోను చేసింది.

"నువ్వలగెడ్డా?" అన్నాడాయన. "మాకు అక్కడ శాంపిల్ లేదమ్మా. జీపు దిగదు కదా. ఆ గడి ఖాళీగానే పంపించాను. బల్ల మీద నున్నగా తగిలితే, డాక్టర్లు చూసి బాగుందని రాసుంటారనుకున్నా."

వీళ్ళు వాళ్ళు చూశారనుకున్నారు. వాళ్ళు వీళ్ళు చూశారనుకున్నారు. ఇద్దరినీ నమ్మించింది తను. ఒకరి మాట ఒకరు వినడం లేదని పదేళ్ళు తిట్టుకున్న మనిషి, తీరా వాళ్ళు వినడం మొదలుపెట్టాక ఎవరూ అనని మాట వినిపించింది. పైగా ఆ కూలిన కల్వర్టు తనకి తెలియనిది కాదు. అప్ప ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ గెడ్డ దాటింది.

ల్యాబుకి వచ్చి బల్ల నేర్చుకున్న పాఠాలన్నీ బయటికి తీసింది. అందులో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నవి డాక్టర్ల కేసుషీట్లు. క్యాంపుల్లో డాక్టర్లకి తీరిక ఉండదు. బాగులేనిదే రాస్తారు, బాగున్నది ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ అంటే బాగుందని బల్ల నేర్చుకుంది. సన్యాసిరావు దగ్గర ఖాళీ అంటే సీసా నిండలేదని, పరీక్షే జరగలేదని. ఆయన షీట్లు తక్కువ కాబట్టి ఆ అర్థాన్ని బల్ల పక్కకి తోసేసింది.

సన్యాసిరావు మాత్రం ఆ మర్నాడే ప్యాంటు మడిచి, గెడ్డ దాటి, బడి బోరునుంచి సీసా నింపుకొచ్చాడు. ఫలితం వచ్చింది. పక్క ఊళ్ళకన్నా చెడ్డ నీళ్ళు.

"ఇది బల్లకి ఎక్కించండమ్మా, రెండో విడతలో ఊరు వచ్చేస్తుంది," అన్నాడాయన.

ఎక్కించబోతే బల్ల తీసుకోలేదు. మూడు కాలాల్లో మూడుసార్లు తీసిన శాంపిళ్ళు ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలన్న నిబంధన అడ్డొచ్చింది. ఆ నిబంధన పెట్టింది హైమే. ఒక్క సీసాతో ఎవరూ తొందరపడకూడదని, శాస్త్రం శాస్త్రంలా ఉండాలని పట్టుబట్టి మరీ పెట్టింది. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చునేలోపు జాబితా మీద సంతకాలైపోతాయి. ఆమెకి తన తలని ఆ బల్లకేసి కొట్టుకోవాలనిపించింది.

చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది. పూడ్చిన గుంటలన్నీ మళ్ళీ తవ్వింది. ఖాళీ అంటే ఖాళీయే. అప్పుడు తెలిసింది, కల్వర్టు పోయిన ఆ దారి పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ వరసగా గుంటలే. వ్యాను పోనిచోటికి జీపూ పోలేదు. జీపు పోనిచోటికి మరొకరూ పోలేదు.

సమీక్ష రోజున పథకం అధికారి బలరామమూర్తిగారు వచ్చారు. ఆయనకి తడుముబల్లంటే మహా మోజు. చొక్కా చేతులు మడిచి, కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఆనించారు. ఉత్తరం వైపు జరుపుతూ ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు.

"ఏంటమ్మా ఇది? పాడైందా?"

"పాడవలేదు సార్. ఇన్నాళ్ళూ పాడై ఉంది, ఇప్పుడు బాగుపడింది. ఆ ఊళ్ళని ఎవరూ పరీక్షించలేదు. అక్కడ ఏముందో మాకు తెలీదు. మేం నున్నగా చూపించింది తప్పు."

రామభద్రంగారు పక్కనుంచి గొంతు సవరించుకున్నారు. "చిన్న సాంకేతిక సవరణ సార్..."

"చిన్నది కాదు సార్," అంది హైమ. "అందులో ఒక ఊళ్ళో నీళ్ళు చూశాం. తాగకూడని నీళ్ళు. జాబితా ఆపండి. లేదా ఈ ఊళ్ళని కలపండి."

"ఎన్ని శాంపిళ్ళు?"

"ఒకటే సార్."

"మూడుండాలని మీరే కదా నాకు పాఠం చెప్పారు?" బలరామమూర్తిగారు కటువుగా అనలేదు. నిజంగానే అయోమయపడ్డారు. "చూడమ్మా. జబ్బుందని చూపించండి, పైపు వేస్తాను. లేదని చూపించండి, మానేస్తాను. తెలీదంటే నేనేం రాసుకోను? ఆడిట్‌వాళ్ళు అడిగితే గుంట చూపించమంటారా? అయినా ఇదే బల్ల మీద, ఇదే చేత్తో నేను ముట్టుకుని చూశాను. బాగుంది."

"నేనూ ముట్టుకునే చూశాను సార్," అన్నాడు పట్నాయక్. ఆయన గొంతు అంత చిన్నగా రావడం హైమ ఎప్పుడూ వినలేదు. "తప్పు చూశాను."

సన్యాసిరావు నీళ్ళ సీసా తీసి ఏదో చెప్పబోయాడు. అప్పటికే టీ కప్పులు వచ్చాయి. మూడో విడతలో తప్పకుండా పరిశీలిద్దామని అధికారి అన్నారు. రామభద్రంగారు తల ఊపారు. జాబితా మీద సంతకమైంది. అందరూ వెళ్ళిపోయాక హైమ ఆ గుంటలో చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఈ దేశంలో ఉందని చెప్పినవాడికి చోటుంది, లేదని చెప్పినవాడికి చోటుంది. తెలీదని చెప్పినవాడిని కూర్చోబెట్టడానికి ఒక్క కుర్చీ లేదు. గట్టిగా అరవాలనిపించింది. అరిచినా టీ కప్పులు తీసేవాడు తప్ప వినేవాడు లేడు.

పైపు వస్తుందన్న ఆశతో ఊరికి చెప్పడం ఆలస్యం చేసినందుకు తనని తాను తిట్టుకుని, ముందు ఆ నీళ్ళు ఆపించాలని మర్నాడు పొద్దున్నే నువ్వలగెడ్డ వెళ్ళింది. బడి దగ్గర బోరు చుట్టూ ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. హైమని చూసి నవ్వుతూ పలకరించారు. ఈ నీళ్ళు తాగొద్దని ఆమె చెప్పగానే నవ్వులు పోయాయి.

"అదేటమ్మా? మీ అప్ప సేత్తో తడిమి సూసినాది కదేటి. నున్నగా ఉన్నాదని సెప్పినాది," అంది ఒక పెద్దావిడ.

"బల్ల తప్పు చూపించిందమ్మా."

"ఆ రోజు మంచివి. ఈ రోజు సెడ్డవి. రేపొచ్చి ఏటి సెప్తావు?"

హైమ నోరు విప్పింది. కేసుషీట్ల గురించీ, ఖాళీ గడుల గురించీ, బల్ల నేర్చుకున్న తీరు గురించీ ఎంత విడమరిచి చెప్పినా ఎవరి మొహంలోనూ ఒక్క గీత కదల్లేదు. తన చేత్తో తాకినదాన్ని మాటలతో చెరపడం ఎవరివల్లా కాదని ఆ బోరు దగ్గర ఆమెకి బోధపడింది. బల్ల తయారుచేసినప్పుడు దాని గొప్పతనం అదేనని పొంగిపోయింది. ఒకావిడ బోరు కొడుతూనే ఉంది. బిందెలోకి నీళ్ళు ధారగా పడుతున్నాయి, చూడ్డానికి తేటగానే ఉన్నాయి.

"అప్పా, నువ్వైనా చెప్పు వీళ్ళకి," అంది హైమ.

అసిరమ్మ బోరు ఎదురుగా తన ఇంటి గోడ వారన కూర్చుని ఉంది. వాచిన పాదాలు నేలమీద చాపుకుని, ఊపిరి తీసుకుంటూ చెల్లెలి వైపే చూస్తోంది.

"ఆ రోజు నన్ను తీసుకెల్లినావు కదే. అప్పటికి మా ఊరి నీల్లు ఎవులైనా పరీచ్చ సేసినారేటి?"

"లేదప్పా."

"మరి మంచియని ఎలా సెప్పినావు?"

"తెలీదప్పా. ఆ రోజు ఎవరికీ తెలీదు," అంది హైమ.

"తెల్దనే సెప్పాల్సింది." అసిరమ్మ గొంతులో కోపం లేదు, అందుకే హైమ తట్టుకోలేకపోయింది. "తెల్దంటే మాకేటి కట్టం? మోత మాకు అలవాటే కదే. కడవలు మోసుకుంటా ఉండిపోయేవోలం."

బోరు కొట్టే చప్పుడు ఆగింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అసిరమ్మ గోడ పట్టుకుని లేచింది. ఇంట్లోకి వెళ్ళి, మూలనున్న కడవ తీసి, దుమ్ము కొంగుతో తుడిచి చంకన పెట్టుకుని బయటికొచ్చింది. చెప్పులు పట్టని కాళ్ళతోనే మెట్ట వైపు తిరిగింది.

హైమ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. "నేను తెస్తాను, నువ్వు కూర్చో. డాక్టరు నడవొద్దన్నారు. అప్పా, నా మాట విను."

అసిరమ్మ ఆగింది. చెల్లెలి వేళ్ళ వైపు చూసింది.

"సెయ్యి ఒగ్గీయే," అంది. "ఎండెక్కకముందు ఎల్లాల."